తెలిసిపోయాక మిగిలేది

హిందీ 'కహానీ'ని తెలుగులోకి తెచ్చేటప్పుడు శేఖర్ కమ్ముల ఒక సాహసం చేశారు. ఆ సినిమాకి పేరు తెచ్చిపెట్టిన మలుపునే తీసేశారు. 2012లో సుజోయ్ ఘోష్ తీసిన మాతృకలో విద్యా బాగ్చి అనే నిండు గర్భిణి, కనిపించకుండా పోయిన భర్తని వెతుక్కుంటూ లండన్ నుంచి కలకత్తా వస్తుంది. దుర్గా పూజల ఆఖరి రాత్రి ఆ కడుపు నిజం కాదని తెలుస్తుంది. ఆమె వెతుకుతున్నది భర్తని కాదనీ, భర్త చావుకి కారణమైనవాడిననీ తెలుస్తుంది. 2014లో వచ్చిన 'అనామిక'లో నయనతార గర్భిణి కాదు. హైదరాబాద్ పాతబస్తీలో భర్త కోసం తిరిగే ఒక భార్య, అంతే.

ట్విస్టు సినిమాని బాగు చేస్తుందా, పాడు చేస్తుందా అన్న ప్రశ్నకి ఇంతకన్నా మంచి పరీక్ష దొరకదు. ఒకే కథ ఒకసారి ఆ మలుపుతో, ఒకసారి అది లేకుండా మన ముందుంది. 'కహానీ'లో కడుపు కథ నడపడానికి పెట్టిన ఎత్తు మాత్రమే కాదు. ఆ కడుపుని చూసే పోలీసులు జాలిపడతారు, ముక్కూమొహం తెలియనివాళ్ళు సాయం చేస్తారు, మనం కూడా ఆమెని అనుమానించం. చివర్లో బయటపడేది మోసం ఒక్కటే కాదు. మెట్రో రైల్లో జరిగిన విషవాయు దాడిలో భర్తని పోగొట్టుకున్నప్పుడే ఆమె కడుపులో బిడ్డనీ పోగొట్టుకుంది. కట్టుకున్న కడుపు అబద్ధం, పోయిన బిడ్డ నిజం. రెండోసారి చూస్తే ఎవరైనా ఆమెని బిడ్డ గురించి అడిగిన ప్రతిసారీ గుండె కలుక్కుమంటుంది. 'అనామిక'లో కథ చాలావరకు ఉంది, నయనతార నటన ఉంది, ఈ దుఃఖం మాత్రం లేదు. అలాగని కమ్ముల నిర్ణయాన్ని తేలిగ్గా తప్పుపట్టలేం. అందరికీ తెలిసిపోయిన రహస్యాన్ని మళ్ళీ రహస్యంగా దాచడం ఎవరికైనా కష్టమే. ఆయన దాన్ని వదిలి, ఆ స్త్రీ వెతుకులాట మీద నమ్మకం పెట్టారు. నష్టం ఎక్కడ జరిగిందంటే, ఆ మలుపుతోపాటు ఆమె మనసులోకి వెళ్ళే దారి కూడా పోయింది.

ఈ వ్యాసంలో చాలా సినిమాల ముగింపులు చెప్పక తప్పదు. దాచిపెడుతూ ఈ చర్చ చేయడం సాధ్యం కాదు. పైగా నేను చెప్పదలుచుకున్నదే అది: తెలిసిపోయాక కూడా నిలబడే మలుపే మలుపు.

మన దగ్గర ట్విస్టు మీద మోజు కొత్తది. కథ తెలిసి వెళ్ళి కూర్చోవడం మన పాత అలవాటు. హరికథకి వెళ్ళినవాళ్ళకి కథ తెలుసు. తోలుబొమ్మలాట ముందు తెల్లవారేదాకా కూర్చున్నవాళ్ళకి రావణుడు చచ్చిపోతాడని తెలుసు. సురభి వాళ్ళ 'మాయాబజార్' నాటకానికి టిక్కెట్టు కొన్న తాతలకీ తెలుసు, మనవలకీ తెలుసు. 1957లో కె.వి.రెడ్డి 'మాయాబజార్' తీసినప్పుడు ఏ రహస్యాన్నీ ప్రేక్షకుడి దగ్గర దాచలేదు. శశిరేఖ రూపంలో ఉన్నది ఘటోత్కచుడని మనకి మొదటే చెప్పేశారు. తెలియనిది లక్ష్మణకుమారుడికీ, కౌరవుల విడిదిలో ఉన్నవాళ్ళకీ. సావిత్రి ఉన్నట్టుండి మగరాయుడిలా చూసి, వెంటనే సిగ్గుల పెళ్ళికూతురైపోవడంలో ఉన్న ఆనందం మొత్తం మనకి తెలిసి ఉండడం వల్ల వచ్చిందే. ఆ సంగతి పెళ్ళిపీటల దాకా దాచి 'ఆమె ఘటోత్కచుడు!' అని చివర్లో చెప్పి ఉంటే ఒక్క క్షణం ఉలిక్కిపడేవాళ్ళం. సావిత్రి నటన సగానికి సగం వృథా అయ్యేది.

'కన్యాశుల్కం'లో గురజాడ చేసిందీ అదే. లుబ్ధావధాన్లకి అంటగట్టిన పెళ్ళికూతురు ఆడవేషంలో ఉన్న మహేశమని కరటక శాస్త్రితోపాటు మనకీ తెలుసు. ఆ ముసలాయన లెక్కలు వేసుకుంటుంటే మనం నవ్వుతాం, నవ్వుతూనే ఆ లెక్కల్లోని దుర్మార్గాన్ని చూస్తాం. కర్ణుడి సంగతి ఇంకా లోతైనది. కుంతి కొడుకని ఆదిపర్వంలోనే మనకి తెలుసు. యుద్ధం ముందు కృష్ణుడు చెప్పాక కర్ణుడికి తెలుస్తుంది. యుద్ధం అయిపోయి, తర్పణాలు వదిలే వేళకి గానీ ధర్మరాజుకి తెలియదు. ఒకే నిజం ముగ్గురికి మూడు వేళల్లో తెలిసింది. ముందే తెలిసిన మనకి ఆశ్చర్యం లేదు, దాని బదులు భయం ఉంది. అన్నని చంపామని తెలిసిన క్షణాన ధర్మరాజు మొహం ఎలా ఉంటుందోనన్న ఆరాటం ఉంది.

ఇదంతా చెప్పి, మన సంప్రదాయానికి ఆశ్చర్యమే పడదనుకుంటే పొరపాటు. భరతుడు నాట్యశాస్త్రంలో ఐదు సంధులు చెప్పి, చివరిదైన నిర్వహణ సంధిలో అద్భుత రసం ఉండాలన్నాడు. కాళిదాసు ఉంగరాన్నీ, దుర్వాసుడి శాపాన్నీ చేర్చాడు. భారతంలోని శకుంతల కథలో ఆ రెండూ లేవు. అయితే శాపం సంగతి ప్రేక్షకుడికి ముందే చెప్పి, దుష్యంతుడి దగ్గరా, శకుంతల దగ్గరా దాచాడు. గ్రీకుల దగ్గర కూడా అరిస్టాటిల్ మెచ్చుకున్నది ఈడిపస్ కథలో మలుపూ, గుర్తింపూ ఒకేసారి జరగడాన్ని. ఏథెన్స్ ప్రేక్షకులకి ఈడిపస్ ఎవరో నాటకానికి రాకముందే తెలుసు. అంటే పాత నాటకకర్తలకి మలుపు కావలసింది పాత్రకి, ప్రేక్షకుడికి కాదు. ఉలిక్కిపడవలసినవాడు రంగస్థలం మీద ఉన్నాడు. సినిమా వచ్చాక ఆ ఉలికిపాటుని వేదిక మీది నుంచి కుర్చీల్లోకి మార్చారు. ఇప్పటి తగవంతా ఆ మార్పు గురించే.

ఆ మార్పుని అందరికన్నా బాగా అర్థం చేసుకున్నది హిచ్‌కాక్. ఫ్రాంస్వా ట్రుఫోతో చేసిన సుదీర్ఘ సంభాషణల్లో ఆయన చెప్పిన బాంబు ఉదాహరణ సినిమా చదువుకునే పిల్లలందరికీ తెలుసు. బల్ల కింద బాంబు ఉందని మనకి చెప్పకుండా పేలిస్తే కొన్ని సెకన్ల ఆశ్చర్యం. ఉందని ముందే చెప్పి, బల్ల దగ్గరివాళ్ళ చేత కబుర్లు చెప్పిస్తే పావుగంట ఉత్కంఠ. ఆయన మొగ్గు రెండోదాని వైపు. కానీ ఆయన సినిమాలు చూస్తే ఈ సూత్రాన్ని ఆయనే పూర్తిగా పాటించలేదని తెలుస్తుంది. 1960 నాటి 'సైకో'లో సగం కూడా కాకముందే కథానాయికని చంపేశాడు. ఆట మొదలయ్యాక ఎవరినీ లోపలికి రానివ్వొద్దని థియేటర్లకి నిబంధన పెట్టాడు. హంతకురాలనుకున్న తల్లి ఎవరన్నది చివరిదాకా దాచాడు. అక్కడ ఆశ్చర్యమే ఆయన పెట్టుబడి.

'వెర్టిగో' దగ్గర మాత్రం దీనికి పూర్తిగా ఎదురు దారి పట్టాడు. 1958లో వచ్చిన ఆ సినిమాకి ఆధారమైన ఫ్రెంచి నవలలో, చనిపోయిన స్త్రీ, ఆమె పోలికలతో తర్వాత కనిపించిన స్త్రీ ఒక్కరేనన్న నిజం చివర్లో బయటపడుతుంది. హిచ్‌కాక్ ఆ నిజాన్ని ఇంకా చాలా కథ ఉండగానే మనకి చెప్పేశాడు. ఆ స్త్రీ, జూడీ, ఒక ఉత్తరం రాస్తుంది, చించేస్తుంది, మనకి అంతా తెలిసిపోతుంది. ఆమెని ప్రేమించిన స్కాటీకి తెలియదు. అక్కడి నుంచి సినిమా 'ఈమె ఎవరు' అన్న ప్రశ్న మానేసి, 'ఇతనికి తెలిస్తే ఏమవుతుంది' అన్న ప్రశ్న పట్టుకుంటుంది. స్కాటీ ఆమె జుట్టు రంగు మార్పిస్తున్నప్పుడు, చనిపోయిన ప్రియురాలి బట్టల్లాంటివి కొనిపిస్తున్నప్పుడు మనం ఇద్దరి బాధా చూస్తాం. నిజం దాచి ఉంటే అతని పిచ్చి ఒక్కటే కనపడేది, జూడీ ఒప్పుకోలులోని నరకం కనపడేది కాదు. 2012లో 'సైట్ అండ్ సౌండ్' పత్రిక విమర్శకుల ఎంపికలో 'వెర్టిగో' మొదటి స్థానానికి వచ్చి 'సిటిజన్ కేన్'ని రెండో స్థానానికి నెట్టింది. తన రహస్యాన్ని తానే ముందు విప్పేసుకున్న సినిమాకి దక్కిన గౌరవమది.

'సిటిజన్ కేన్' ముగింపుని కూడా ఇక్కడే తలుచుకోవాలి. చనిపోతూ కేన్ పలికిన మాట వెనక ఏముందో విలేఖరికి చివరికీ తెలియదు. మంటల్లో కాలిపోతున్న చిన్ననాటి మంచుబండి మీద ఆ మాట మనకి మాత్రమే కనిపిస్తుంది. కథలో ఎవరికీ ఉపయోగపడని నిజం అది. దానివల్ల ఏదీ మారదు. మనం అప్పటిదాకా చూసిన మనిషి మాత్రం మారిపోతాడు.

హిచ్‌కాక్ నుంచే ఇంకో పాఠం ఉంది. 1950లో తీసిన 'స్టేజ్ ఫ్రైట్'లో ఒక పాత్ర చెప్పిన అబద్ధాన్ని ఫ్లాష్‌బ్యాక్‌గా చూపించాడు. చివర్లో అది అబద్ధమని తేలితే జనం కోపగించుకున్నారు, తానే తప్పు చేశానని ఆయన ట్రుఫో దగ్గర ఒప్పుకున్నాడు. మనిషి మాట అబద్ధమంటే ఒప్పుకుంటాం, కళ్ళతో చూసింది అబద్ధమంటే మోసపోయామనిపిస్తుంది. 1995లో వచ్చిన 'ది యూజువల్ సస్పెక్ట్స్' దాదాపు మొత్తం అలాంటి అబద్ధమే అయినా జనం నెత్తిన పెట్టుకున్నారు. నాకు ఆ సినిమా ఇప్పటికీ తెలివైన ఖాళీ పెట్టెలాగే కనిపిస్తుంది. చివరి నిమిషంలో అంతా కల్పితమని తేలాక, ఆ దొంగల్లో ఎవరి చావు గురించి బాధపడాలి? 1999 నాటి 'ది సిక్స్త్ సెన్స్' అలా చేయలేదు. మనోజ్ శ్యామలన్ ఒక్క సన్నివేశంలోనూ అబద్ధం చూపించలేదు. హోటల్లో హీరోతో భార్య మాట్లాడకపోవడాన్ని మనం కోపమనుకున్నాం. అది వైధవ్యమని తర్వాత తెలిసింది. రెండోసారి చూస్తే అదే సన్నివేశం మరింత బరువుగా ఉంటుంది. ఆ విజయమే తర్వాత ఆ దర్శకుడికి గుదిబండ కూడా అయింది. ప్రతి సినిమా చివర్లో ఏదో ఒకటి విప్పాలన్న ఒత్తిడి 2004 నాటి 'ది విలేజ్'లో స్పష్టంగా కనిపిస్తుంది. భయం, ప్రేమ కలిసిన చక్కటి వాతావరణాన్ని కట్టి, చివర్లో వివరణ కింద పెట్టి తొక్కేశాడు.

ముగింపు ముందే తెలిస్తే ఆనందం తగ్గుతుందా అన్నదాని మీద మనస్తత్వ పరిశోధనలు కూడా జరిగాయి. 2011లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాన్ డియాగోకి చెందిన లీవిట్, క్రిస్టెన్‌ఫెల్డ్ 12 చిన్న కథలతో పరీక్షించి, ముగింపు తెలిసి చదివినవాళ్ళే ఎక్కువ ఆనందించారని ప్రకటించారు. పత్రికలన్నీ సంబరంగా రాశాయి. 2015లో జాన్సన్, రోజెన్‌బామ్ ఇలాంటి పరీక్షే చేస్తే ఫలితం తిరగబడింది, తెలిసి చదివిన కథలు తక్కువ ఆకట్టుకున్నాయి. ఈ లెక్కల మీద సినిమాల గురించి తీర్పు చెప్పడం తొందరపాటని నా ఉద్దేశం. ఒంటరిగా కూర్చుని చిన్న కథ చదవడం వేరు, నిండు హాల్లో వందలమందితో కలిసి ఊపిరి బిగపట్టడం వేరు. అదీగాక ఒక పాఠకుడి మొదటి చదువుని కొలిచారు గానీ, పదేళ్ళ తర్వాత అతనికి గుర్తున్నదాన్ని ఎవరూ కొలవలేదు.

తెలుగు సినిమాలో మలుపు వెనక మనదైన కారణం ఒకటుంది. అది ఇంటర్వెల్. మన సినిమా మధ్యలో ఆగుతుంది. జనం లేచి బయటికి వెళ్తారు, మాట్లాడుకుంటారు, మళ్ళీ వచ్చి కూర్చోవాలి. అందుకే కథా చర్చల్లో 'ఇంటర్వెల్ బ్యాంగ్ ఏంటి?' అన్న ప్రశ్న కథకన్నా ముందు వస్తుంది. సరిగ్గా సగం దగ్గర ఒక పెద్ద మలుపు పెట్టాలన్న ఈ నియమం కొన్నిసార్లు కథకి నడుం అవుతుంది, చాలాసార్లు నడుం విరుస్తుంది. మొదటి సగమంతా ఆ ఒక్క క్షణం కోసం పాటలతోనో కామెడీతోనో కాలం గడుపుతుంది. రెండో సగం మొదలైన పది నిమిషాలకి ఫ్లాష్‌బ్యాక్ పడుతుంది. మలుపు కథ నుంచి పుట్టకుండా, గడియారం నుంచి పుడుతుంది.

కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్ నవలలు చదివిన తరానికి 'ఎవరు చంపారు' అన్న సరదా బాగా తెలుసు. ఆ సరదానే తెరమీద అందంగా నిలిపినవాళ్ళున్నారు. 1985లో వంశీ తీసిన 'అన్వేషణ'లో హంతకుడెవరన్నది మర్చిపోయినవాళ్ళు కూడా ఆ అడవినీ, ఇళయరాజా నేపథ్య సంగీతాన్నీ మర్చిపోలేదు. చంద్రశేఖర్ యేలేటి 2005లో తీసిన 'అనుకోకుండా ఒక రోజు'లో ఒక అమ్మాయి జీవితంలో ఒక రోజు మాయమవుతుంది, ఆ ఖాళీయే భయపెడుతుంది. కానీ ఇటీవలి చాలా థ్రిల్లర్లలో హంతకుడిగా తేలేవాడు అప్పటిదాకా రెండు సన్నివేశాల్లో కాఫీ ఇచ్చిపోయిన మనిషి. ఎవరూ ఊహించలేరు కాబట్టి అతన్ని ఎంచుకుంటారు. తర్వాత పది నిమిషాల ఫ్లాష్‌బ్యాక్‌లో అతని బాల్యం, అతనికి జరిగిన అన్యాయం, అతని వికృతం అన్నీ గబగబా చెప్తారు. ఊహించలేకపోవడం గొప్పతనం కాదు. పరిచయమే చేయని మనిషిని ఊహించలేకపోవడంలో ప్రేక్షకుడి ఓటమి ఏముంది?

'బాహుబలి' మొదటి భాగం 2015 జులై 10న వచ్చింది, రెండోది 2017 ఏప్రిల్ 28న. దాదాపు రెండేళ్ళు దేశమంతా ఒకే ప్రశ్న అడిగింది. ఆ ప్రశ్నలో 'ఎవరు' లేదు. బాహుబలిని చంపింది కట్టప్ప అని చూపించేశారు. ఉన్నది 'ఎందుకు'. ఈ చిన్న తేడాలోనే రెండో భాగం బలం ఉంది. జవాబు తెలిశాక కూడా జనం మళ్ళీ మళ్ళీ చూశారంటే, ఆ జవాబు ఒక మనిషి స్వభావం గురించినది కాబట్టి. సింహాసనానికి బానిసగా కట్టుబడినవాడు, శివగామి ఆజ్ఞ ఇస్తే, ఎత్తుకు పెంచినట్టు ప్రేమించినవాడినైనా పొడవాల్సిందే. ఆ బానిసత్వాన్ని మొదటి భాగంలోనే స్పష్టంగా చెప్పారు, మనమే పట్టించుకోలేదు. 'పోకిరి' కూడా అంతే. 2006లో, రౌడీ అనుకున్న పండు పోలీసు అధికారి కృష్ణమనోహర్ అని తెలిసినప్పుడు హాళ్ళు ఈలలతో దద్దరిల్లాయి. తెలిసినవాళ్ళే మళ్ళీ వెళ్ళి, ఆ క్షణం కోసం ముందు నుంచే సిద్ధమై కూర్చున్నారు. మలుపుని పండగలా ఎదురుచూసి అనుభవించే ఈ పద్ధతి హరికథ విన్నవాళ్ళ మనవలకే వస్తుంది. రిపీట్ ఆడియన్స్ అని మనవాళ్ళు పిలిచేది వీళ్ళనే.

సుకుమార్ సినిమాలు రెండు ఈ చర్చకి బాగా పనికొస్తాయి. 2014 సంక్రాంతికి వచ్చిన '1 నేనొక్కడినే'లో హీరో చూస్తున్నది నిజమో భ్రమో తెలియకుండా మలుపు మీద మలుపు పేర్చారు. తెలివి పుష్కలంగా ఉంది, తర్వాతి ఏళ్ళలో దానికి అభిమానులూ పెరిగారు. నాకు మాత్రం చివర్లో తల్లిదండ్రుల గుర్తు తిరిగి దొరికే ఘట్టం ఒక్కటే మనసుకి తగిలింది. మిగతా మలుపులు బుర్రకి పని చెప్పి వెళ్ళిపోయాయి. 2018లో వచ్చిన 'రంగస్థలం' వేరే స్థాయిది. ముప్పై ఏళ్ళుగా ఊరిని పీక్కు తింటున్న ప్రెసిడెంటు ఫణీంద్రభూపతి మన కళ్ళ ముందు విలన్‌గా నిలబడి ఉంటాడు. హీరో చిట్టిబాబు అన్న కుమార్‌బాబు హత్యకి అతన్నే అనుమానిస్తాం. ప్రమాదంలో కోమాలోకి వెళ్ళిన పెద్దమనిషి దక్షిణామూర్తికి చిట్టిబాబు సొంత మనిషిలా సేవ చేస్తుంటే అది విశ్వాసమనుకుంటాం. ఆయన కోలుకున్నాక తెలుస్తుంది, హత్య చేయించింది ఆయనేనని, తన కూతురిని ప్రేమించిన కుర్రాడి కులం తక్కువని. అప్పటిదాకా ఊరి రాజకీయంగా కనిపించిన కథ ఒక్క నిమిషంలో కులం కథ అవుతుంది. జులుం చేసేవాడు ఊరందరికీ తెలుసు. మెత్తగా మాట్లాడి, ఎన్నికల్లో అండగా నిలబడ్డ పెద్దమనిషి ఎవరికీ తెలియదు. మన ఊళ్ళ గురించి ఇంత నిజమైన మాట ఆ మలుపు లేకుండా ఆ సినిమా చెప్పగలిగేది కాదు.

దాని లోపమూ అక్కడే ఉంది. కులం ప్రశ్న అంత ఆలస్యంగా రావడంతో దాని గురించి ఆలోచించే తీరిక సినిమాకి లేకుండా పోయింది. వచ్చిన వెంటనే పగ తీరిపోయింది. కూతురు పద్మకి ఏమైందో, ఆమె ఎలా బతికిందో తలుచుకునే చోటే లేదు. దాచిన విషయం ఎంత పెద్దదైతే, దాన్ని దాచడం వల్ల సినిమా అంత పోగొట్టుకుంటుంది. ఈ లెక్క దర్శకులు వేసుకోవాలి.

ఆ లెక్క అందరికన్నా సరిగ్గా కుదిరిన తెలుగు సినిమా నా దృష్టిలో 'కేరాఫ్ కంచరపాలెం'. 2018 సెప్టెంబరులో వచ్చింది. వెంకటేష్ మహా దర్శకుడు, విశాఖపట్నం కంచరపాలెం వాసులే చాలావరకు నటులు. నాలుగు ప్రేమకథలు పక్కపక్కన నడుస్తాయి. బడిలో సునీతని ఇష్టపడే సుందరం, భార్గవిని ప్రేమించే జోసెఫ్, మద్యం దుకాణంలో పనిచేస్తూ కళ్ళు మాత్రమే కనిపించే సలీమాని ప్రేమించే గడ్డం, యాభైకి దగ్గరపడినా పెళ్ళికాని అటెండర్ రాజు. నలుగురు వేరువేరు మనుషులనుకుంటూ చూస్తాం. పేర్లలోనే వేరువేరు మతాలు వినిపిస్తాయి కాబట్టి అనుమానం రాదు. చివర్లో రాజు తన గతం చెప్తుంటే అర్థమవుతుంది, నలుగురూ ఒక్కడే. ఒక జీవితంలోని నాలుగు వయసులు.

ఇక్కడ ఎవరి ముసుగూ తొలగలేదు, దర్శకుడు మనకి ఏ అబద్ధమూ చెప్పలేదు. ఒకే ఊళ్ళో ఒకే కాలంలో జరుగుతున్నాయని మనమే అనుకున్నాం. తెలిసిన మరుక్షణం, విడివిడిగా ఓడిపోయిన మూడు ప్రేమలూ ఒకే గుండె మీద పడతాయి. వినాయకుడి బొమ్మ పగలగొట్టిన పిల్లవాడి కోపం, కులం మతం అడ్డుపడ్డ ప్రేమలు, దేవుడి మీద నమ్మకం పోయిన మధ్యవయసు మనిషి మౌనం, ఇవన్నీ ఒక వరసలో కూడుకుంటాయి. మధ్యవయసులో ప్రేమించిన రాధని పెళ్ళాడడానికి అతనికి ఎంత ధైర్యం కావాలో అప్పుడు తెలుస్తుంది. ఈ సంగతి ముందే చెప్పేసి, సుందరం పెద్దవాడై జోసెఫ్ అయ్యాడని వరసగా తీసి ఉంటే ఎలా ఉండేది? మంచి సినిమానే అయ్యేది. కానీ కష్టాల జాబితాలా ఉండేది, మనం మొదటి నుంచీ జాలితో చూసేవాళ్ళం. మలుపు వల్ల ఆ జాలి తప్పింది. నలుగురినీ నలుగురు మామూలు మనుషుల్లా సమానంగా ప్రేమించాక, వాళ్ళు ఒక్కరేనని తెలిసింది.

ఇందుకు సరిగ్గా ఎదురుగా నిలబెట్టాల్సింది 2024లో తమిళం నుంచి వచ్చి తెలుగులో బాగా ఆడిన 'మహారాజ'. నిథిలన్ స్వామినాథన్ కాలక్రమాన్ని కలిపేసి, రెండు వేర్వేరు సంవత్సరాల్లో జరిగినవి ఒకేసారి జరుగుతున్నట్టు భ్రమ కల్పించారు. కంచరపాలెంలో వాడిన పద్ధతే. ఆఖర్లో సెల్వంకి తెలుస్తుంది, తన ముఠా అత్యాచారం చేసిన పిల్ల తన కన్నకూతురేనని. ఈడిపస్‌కి తెలిసినట్టే తెలుస్తుంది, ఆ గుర్తింపు ఘట్టం నిజంగా వణికిస్తుంది. ఆ పిల్లని పెంచిన తండ్రిగా విజయ్ సేతుపతి మొహంలోని నిబ్బరం చాలాకాలం గుర్తుంటుంది. అయినా ఒక బాధ నన్ను వదల్లేదు. ఒక అమ్మాయి మీద జరిగిన దారుణాన్ని సగం సినిమా దాకా మనకి తెలియకుండా దాచి, చెత్తబుట్ట పోయిందన్న పోలీసు ఫిర్యాదుతో నవ్వించి, తర్వాత బయటపెట్టి ఉలిక్కిపడేలా చేయడం సరైనదేనా? ఆ తర్వాత కూడా ఆ నిజం ఒక తండ్రికి శిక్షగానే ఎక్కువ ఉపయోగపడింది. ఆ పిల్ల నేరస్థుడి ఎదురుగా నిలబడి మాట్లాడే సన్నివేశం ఒకటుంది, అది సినిమా పరువు కాపాడింది. అది లేకపోతే ఆమె బాధ కేవలం ఒక చీటీలో దాచిన జవాబు అయ్యేది. మన థ్రిల్లర్లలో స్త్రీల మీద హింస, మానసిక వ్యాధి, ఈ రెండూ రహస్యాలుగా వాడుకలో పడిపోయాయి. చివర్లో విప్పడానికి దాచిపెట్టిన కష్టం గురించి సినిమా పొడవునా మాట్లాడలేం. మాట్లాడకపోతే అది ఆ కష్టం పడ్డవాళ్ళకి అన్యాయం. 2018 నాటి 'అ!' సినిమా కూడా ఇక్కడే తడబడింది. అన్ని పాత్రలూ ఒకే స్త్రీ మనసులోవని తెలిశాక ప్రశాంత్ వర్మ ప్రతిభ కనిపించింది, ఆమెతో గడపడానికి మాత్రం సమయం మిగల్లేదు.

రహస్యం కాపాడమని ప్రేక్షకుడిని కోరడం కొత్త సంగతి కాదు. 1955లో క్లూజో 'లె డయబొలీక్' చివర్లో తెరమీదే ఆ మాట వేశాడు. లండన్‌లో 1952 నుంచి ఆడుతున్న అగాథా క్రిస్టీ నాటకం 'ది మౌస్‌ట్రాప్' చూసి వెళ్ళేవాళ్ళని ఇప్పటికీ అలాగే కోరతారు. 2019లో బాంగ్ జూన్ హో 'పారసైట్' గురించి విలేఖరులకి విజ్ఞప్తి చేశాడు. అది న్యాయమైన కోరికే. మొదటిసారి చూసేవాడి హక్కుని గౌరవించాలి. అయితే ఈ జాగ్రత్త పెరిగి పెరిగి, సినిమా గురించి మాట్లాడుకోవడమే మానేసే స్థితికి వస్తోంది. ట్రైలర్ చూసి ముగింపు ఊహించడం, మొదటి ఆటకి వెళ్ళి ఊహ నిజమైందా లేదా చూసుకోవడం, వాట్సాప్‌లో పెట్టడం, ఇదీ వరస. అలా వెళ్ళినవాడు తెరమీద మనిషిని చూడడు, ఆధారాలు వెతుకుతాడు. నటి కన్నీళ్ళు పెట్టుకుంటే ఇది నటనా నిజమా అని లెక్కవేస్తాడు. మలుపులు ఎక్కువైన సినిమా చేసే అసలు నష్టం ఇదే. మనుషుల మీద ఉండాల్సిన మన చూపుని అనుమానంగా మార్చేస్తుంది.

'దృశ్యం' ఆ అనుమానాన్ని మనకి రానివ్వలేదు. జీతూ జోసెఫ్ 2013లో మలయాళంలో తీసిన ఈ కథని 2014లో శ్రీప్రియ తెలుగులో తీశారు. హత్య మన కళ్ళ ముందే జరిగింది. చేసిందెవరో తెలుసు, ఎందుకో తెలుసు, కేబుల్ ఆపరేటర్ రాంబాబు ఏ అబద్ధం ఎలా అల్లుతున్నాడో కూడా తెలుసు. ఇంటిల్లిపాదితో పాటు మనమూ ఆ అబద్ధాన్ని వల్లె వేస్తాం. ఒక్క విషయం మాత్రం దాచారు, శవం ఎక్కడుందన్నది. అది కొత్త పోలీస్ స్టేషన్ నేల కింద ఉందని చివరి క్షణాల్లో మనకి తెలుస్తుంది. 'సిటిజన్ కేన్' మంచుబండిలా అది తెరమీద వెతుకుతున్నవాళ్ళెవరికీ తెలియదు. కథ ఫలితాన్ని మార్చదు. కానీ ఆ నాలుగో తరగతి చదువు మనిషి తెలివి, అతని తెగింపు, భార్యాపిల్లలకి కూడా చెప్పకుండా ఒక్కడే మోస్తున్న బరువు ఆ ఒక్క షాట్‌లో తెలుస్తాయి.

2021లో వచ్చిన రెండో భాగంలో లెక్క మారింది. ఈసారి మనల్ని రాంబాబు పక్కన కూర్చోబెట్టలేదు, పోలీసుల పక్కన కూర్చోబెట్టారు. అతను ఏళ్ళ తరబడి ఏం సిద్ధం చేసుకున్నాడో మనకి చెప్పరు. సినిమా కథ రాయడం, స్నేహాలు కలుపుకోవడం, అస్థికలు మార్పించడం అన్నీ చివర్లో వివరణగా వస్తాయి. ఒక్కొక్కటీ అబ్బురమే. కానీ మొదటి సినిమాలో మనతో అంత దగ్గరగా ఉన్న మనిషి ఇక్కడ దూరమయ్యాడు, అతని భయం మనకి అందలేదు. అన్ని ఎత్తుల మధ్య నాకు గుర్తుండిపోయింది మాత్రం ఎత్తు కానిది. హతుడైన కొడుకు అస్థికల కోసం ఇన్నేళ్ళు ఏడ్చిన గీతా ప్రభాకర్ దంపతులకి అతను ఆ చితాభస్మం చేరవేశాడు. చట్టానికి దొరకని మనిషి, తానే దుఃఖంలోకి తోసిన తల్లిదండ్రులకి చేయగలిగిన ఒకే ఒక్క మేలు అది. దాన్ని ముందే ఎవరైనా నాకు చెప్పి ఉన్నా, ఆ సన్నివేశం ఇంతే బరువుగా ఉండేది.